అమ్మాయి రీసెర్చ్ అంటోంది, పంపమంటారా?

పలాస నుంచి ఒక తండ్రి రాశారు. జీడిపప్పు పరిశ్రమలో పని చేస్తారట. అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ బయోటెక్నాలజీ చివరి ఏడాది. "క్యాన్సర్ కణాల్లో మైటోకాండ్రియా డీఎన్‌ఏ మార్పుల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. బీఈడీ చేస్తే టీచరైనా అవుతుంది కదా. దీనికి ఉద్యోగం ఉందా?" అని అడిగారు.

ఉందండీ, కాకపోతే ఆలస్యంగా వస్తుంది. మీ అమ్మాయి దేని గురించి చెబుతోందో ముందు చూడండి. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాకి సొంతంగా చిన్న డీఎన్‌ఏ ఉంటుంది. 16,569 అక్షరాలు, 37 జన్యువులు, అంతే. పిల్లలకు తల్లి నుంచే వస్తుంది. ఒక్కో కణంలో దాని ప్రతులు వందల్లో, వేలల్లో ఉంటాయి. మార్పు అన్నిటికీ ఒకేసారి రాదు. గ్రేడింగ్ బల్ల మీద పోసిన పప్పులో పుచ్చు ఎంతుందో మీరు చూస్తారు కదా, ఇక్కడా ఎన్ని ప్రతులు చెడ్డాయన్నదే లెక్క. నాలుగు పుచ్చు గింజలకు సరుకు ఆగదు. సగం పుచ్చయితే? కొన్ని కిడ్నీ, థైరాయిడ్ కణితుల్లో శక్తి తయారీయే దెబ్బతినేంతగా చెడ్డ ప్రతులు పేరుకుపోయి కనిపించాయి. చాలా కణితుల్లో మాత్రం ఆ మార్పే క్యాన్సర్‌ని నడిపిస్తోందా, ఊరికే వెంట వస్తోందా అన్నది ఇంకా తేలలేదు. తేలలేదు కాబట్టే పని చేసేవాళ్లు కావాలి.

ఎంత శాతం ప్రతులు చెడ్డాయో లెక్క తీసేది కంప్యూటర్ మీద. అందుకే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, స్టాటిస్టిక్స్ ఇప్పుడే మొదలుపెట్టమనండి. మైటోకాండ్రియా సీక్వెన్సులు, అంటే ఆ డీఎన్‌ఏ అక్షరాల వరుసలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పాత ల్యాప్‌టాప్ చాలు. రెండు నెలలు వాటితో కూర్చున్నాక కూడా ఇదే కావాలంటే, ఆ అమ్మాయిని ఆపకండి.

ఎమ్మెస్సీకి గ్యాట్-బీ, ఐఐటీ జామ్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. బయట సీటు రాకపోతే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది. ఎవరో చెప్పారని లక్షలు పోసి ప్రైవేటు కాలేజీలో మాత్రం చేర్చకండి. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు ఇస్తారు, ఇంటి అద్దె భత్యం వేరే. అంటే పీహెచ్‌డీకి మీరు అప్పు చెయ్యక్కర్లేదు. హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీలో మైటోకాండ్రియా డీఎన్‌ఏ మీద ఏళ్లుగా పని జరుగుతోంది.

పీహెచ్‌డీ అయ్యేసరికి అమ్మాయికి ఇరవై ఎనిమిది దాటుతుంది. పెళ్లి మాట ఇంట్లో ఇప్పుడే తేల్చుకోండి, ఆమెను కూర్చోబెట్టుకుని. నెట్ పరీక్షకు పది రోజుల ముందు పెళ్లిచూపులు పెట్టుకుని ఏడాది పోగొట్టుకున్న పిల్లల్ని నేను చూశాను.