కొండ ఊరి గురించి రాస్తున్న యువ రచయితకు

పర్లాకిమిడి

చిరంజీవికి ఆశీస్సులు.

గుణుపురం పైకొండల్లోని సవర గిరిజనుల పల్లె మీద నీవు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నీకు మంచి కన్ను ఉంది, చెవి కూడా ఉంది. వాక్యం పట్టు తప్పకుండా నడుస్తుంది. అయినా దీన్ని ఇప్పుడే అచ్చుకు పంపవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం. రాతికట్టు దగ్గర ‘కాలాన్ని జయించిన శిలలు’ అన్నావు. అన్నం పెట్టినచోట ‘కల్మషమెరుగని గిరిజనుల ఆదరణ’ అన్నావు. ఆ ఊరు చూడనివారు కూడా ఈ రెండు మాటలూ రాయగలరు. ఆ గోడ వెనుకా ఆ అన్నం వెనుకా ఉన్నది ఒళ్ళు వంచి చేసిన చాకిరీ. నీ వ్యాసంలో అదే కనబడలేదు.

సవరలు కొండవాలును మెట్లుమెట్లుగా మలిచి మడులు కడతారు. ఆ మడుల అంచు గోడల్లో సున్నమూ ఉండదు, సిమెంటూ ఉండదు. అడుగు వరుసకు పెద్ద రాళ్ళను నేలలోకి దించి కూర్చోబెడతారు. గోడ నిట్టనిలువుగా లేవదు, కొండవైపు కొద్దిగా ఒరిగి ఉంటుంది. కింది వరుసలో రెండు రాళ్ళు కలిసే అతుకు మీదికి పై వరుస రాయి నడుమభాగం వచ్చేట్టు పేరుస్తారు. పొడుగాటి రాయి దొరికితే దాన్ని గోడ వెంబడి పరచకుండా, కొన లోపలి మట్టిలోకి దిగేట్టు పెట్టి, వెనుక చిన్నరాళ్ళు కూరుతారు. వానాకాలంలో మట్టి తాగిన నీరు ఆ సందుల్లోంచి బయటికి ఊరిపోతుంది గనుకనే గోడ నిలుస్తుంది. అదే గోడను నీటికి దారి వదలకుండా సిమెంటుతో బిగిస్తే వెనుక బరువుకు ఉబ్బి కూలుతుంది. పై మడి నిండి కింది మడిలోకి నీరు దూకే చోట మట్టి కోసుకుపోకుండా రాళ్ళు పరుస్తారు. ఇవన్నీ దగ్గర కూర్చుని చూసి రాస్తే ‘అద్భుతం’ అన్న మాటతో నీకు పనే ఉండదు.

రాయిని ఎంచే చేతిని కూడా చూడు. పనితెలిసినవాడు రాయిని ఊరికే ఎత్తడు. ముందు దాని ముఖం ఎటుందో చూస్తాడు, సుత్తితో తట్టి వింటాడు. లోపల బీట ఉన్న రాయి బొంగురుగా పలుకుతుంది. మన తూర్పు కనుమల్లో విస్తారంగా దొరికే రాయి అయిన ఖొండలైట్‌లో ఎర్రటి గార్నెట్ అనే ఖనిజపు పలుకులు ఉంటాయి. అది ఉలికి లొంగుతుంది, కోణార్క గుడికి ఎక్కువగా వాడింది అదే. కానీ ఎండవానలకు పొరలెత్తి అరిగిపోతుంది కూడా. అలాంటి రాయి కాలాన్ని జయించిందని ఎలా అంటావు? మహేంద్రగిరి మీది భీముని గుడిని పెద్దపెద్ద బండలతో కట్టారు, యాత్రికులు దాన్ని చూసి ఆశ్చర్యపోతారు. మడి గోడ మాత్రం గట్టి వాన పడినప్పుడల్లా ఎక్కడో ఒకచోట జారుతుంది, మళ్ళీ ఎవరో ఒకరు కడతారు. మళ్ళీ కట్టే ఆ మనిషిని నీవు రాయాలి.

ఊరి పక్కన నిలువుగా పాతిన రాళ్ళను నీవు ఒక్క వాక్యంతో దాటేశావు. అవి చనిపోయినవారి కోసం కర్మలో నిలిపిన రాళ్ళు. చాలా ఊళ్ళలో కుర్రకారు క్రైస్తవం తీసుకున్నాక ఆ ఆచారం సన్నగిల్లింది. దీన్ని మెచ్చుకోవడం గానీ నిందించడం గానీ మన పని కాదు, ఉన్నది ఉన్నట్టు రాయి.

ఇక ఆతిథ్యం. గోడ కట్టడానికి ఒక్క ఇంటి చేతులు చాలవు. చుట్టాలూ ఇరుగుపొరుగూ వస్తారు, పొలం ఇంటివారు వారికి తిండి పెట్టి కల్లు పోస్తారు, రేపు వారి పొలానికి వీరు వెళతారు. నీకు దొప్పలో పోసిన జీలుగు కల్లూ, అడ్డాకులో వడ్డించిన అన్నమూ ఆ ఇచ్చిపుచ్చుకోవడంలోనివే. కనుక ఆ అన్నం ఏ మడిలో పండింది, నీళ్ళు ఎవరు ఎంత దూరం నుంచి మోశారు, నీకు పెట్టాక ఆ ఇల్లాలు ఏం తిన్నది అని అడుగు. నీవు వెళ్ళింది పంట ఇంటికి వచ్చాక, పుష్యమాసంలో. శ్రావణంలో వెళితే గాదె అడుగంటి ఉంటుంది. ఈ కొండల్లో మామిడి టెంకలోని జీడిని నానబెట్టి, దంచి అంబలి కాచుకునే ఇళ్ళున్నాయి. ఆ రోజుల్లోనూ అతిథికి ముందు చోడి (రాగి) అంబలి పోస్తే, దాని విలువ ఎంతో నీవు లెక్క కట్టగలగాలి. లెక్క కట్టకుండా పొగిడితే పెట్టిన చేతిని తక్కువ చేసినట్టే అవుతుందని నా నమ్మకం.

మన ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర భాష వచ్చిన మనిషిని తన ఇంట్లో ఉంచుకొని, జీతమిచ్చి ఆ భాష నేర్చుకున్నారు. ఆయన కూర్చిన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. కొండవారి నుంచి తీసుకున్నదానికి బదులివ్వాలన్న స్పృహ ఆయనకు ఉంది. నీవు అంత చేయనవసరం లేదు గానీ, దుబాసీ లేకుండా పది మాటలైనా మాట్లాడడం నేర్చుకో.

ఈసారి శ్రావణంలోనే వెళ్ళు. సంతలో ఉప్పు, ఎండుచేపలు, పొగాకు కొని తీసుకెళ్ళు. ఫొటో తీసే ముందు అడుగు, వద్దంటే మానుకో. గోడ జారిన మడి కనబడితే అక్కడే ఆగి, వారితోపాటు నాలుగు రాళ్ళు మోసి, ఆ తరువాతే కాగితం తీయి. తిరగరాసిన ప్రతిని దసరాలోపు నాకు పంపితే ప్రతి పుటా చూసి పెడతాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి