నాన్నల ఆదివారం గురించి అడిగావు కదా

అబ్బాయ్, ప్రభువు నామంలో వందనాలు.

నాన్నల ఆదివారానికి యూత్ తరఫున ముసలాళ్ళందరికీ శాలువాలు కప్పాలనుకుంటున్నాం, ఎట్లా ఉంటుంది పెదనాన్నా అని రాశావు. జూన్ మూడో ఆదివారం, ఒంగోలు ఎండల్లో శాలువాలా! ఆ డబ్బుతో పెద్దక్షరాల బైబిళ్ళు కొనండి. మన చర్చిలో వయసు మళ్ళినవాళ్ళు చాలామంది బైబిలు తెరిచి పెట్టుకుంటారేగానీ ఆ సన్నక్షరాలు వాళ్ళకు ఆనవు. పక్కన కుర్రాడెవడన్నా కూర్చుని వాక్యం చూపించి, కీర్తన నంబరు తీసి ఇస్తే చాలు, ఎంత సంతోషపడతారో.

అసలు సంగతి స్టేజీ మీద లేదురా, ఇంట్లో ఉంది. మార్కు 7వ అధ్యాయం తీసి చూడు. నావల్ల నీకు రావలసింది కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాను అని అమ్మానాన్నలకు చేయి చూపించేవాళ్ళను ఊరకే వదిలిపెట్టిన ఆ పెద్దల్ని యేసు ప్రభువు ఎట్లా కడిగేశాడో తెలుస్తుంది. మన దగ్గరా అదే. దశమభాగం ఠంచనుగా ఇస్తాడు, చర్చి ప్రహరీకి సిమెంటు బస్తాలు రాయించుకుంటాడు, ఇంట్లో నాయన కంటికి పొర వచ్చి గోడ పట్టుకుని నడుస్తుంటే మాత్రం ఆపరేషన్ వచ్చే సంవత్సరం చూద్దాంలే అంటాడు. అదేమంటే పింఛను వస్తోంది కదా అంటాడు. ఆ 4,000 గవర్నమెంటు ఇచ్చేది, మరి నువ్విచ్చేది ఏది? సొంత ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడని పౌలు తిమోతికి రాసింది మనబోటివాళ్ళ కోసమే. పాస్టరు గారిని ఆ వాక్యం మీద చెప్పమను, కానుకలు కాస్త తగ్గినా ఫరవాలేదు.

ఇంకొకటి, సాక్ష్యాల దగ్గర జాగ్రత్త. మా నాయన తాగి వచ్చి ఇట్లా చేసేవాడు, అట్లా చేసేవాడు అని మైకులో చెప్పడం మనవాళ్ళకు అలవాటైపోయింది, ఆ మనిషేమో వెనక వరుసలో తలవంచుకుని కూర్చుని ఉంటాడు. నోవహు తాగి గుడారంలో బట్టల్లేకుండా పడి ఉంటే షేము, యాపెతు వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి కప్పారు, చూడనుకూడా లేదు. అట్లాగని ఇప్పటికీ తాగి అమ్మను కొడుతుంటే కప్పిపెట్టమని కాదు, అది సంఘ పెద్దలకు చెప్పాలి, అవసరమైతే పోలీసులకు కూడా.

నాన్నలందరూ లేచి నిలబడండి అని మాత్రం అనిపించొద్దు. పిల్లల్లేనివాళ్ళు ఉంటారు, తండ్రి పోయిన పిల్లలు ఉంటారు. ఎస్తేరును పెంచింది మొర్దెకై, కన్నతండ్రి కాదు, అయినా రాణి అయ్యాక కూడా ఆయన పెంపకంలో ఉన్నప్పటిలాగే ఆయన మాట విన్నదని రాసి ఉంది. ఫీజు కట్టిన మేనమామ, సండే స్కూలు చెప్పిన మాస్టారు, వీళ్ళ ఇళ్ళకు ముందురోజే వెళ్ళి పిలిచి రండి.

నాయన యేసు ప్రభువును నమ్మలేదు కాబట్టి ఆయనతో కలిసి భోంచెయ్యను, ఆయన మాట లెక్కచెయ్యను అనే పిల్లలు మీ యూత్‌లో ఇద్దరు ముగ్గురు ఉన్నారని విన్నాను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం, వాళ్ళలో నమ్మని నాయనల బిడ్డలు లేరంటావా? నీ తండ్రిని సన్మానించుము అన్న ఆజ్ఞలో నమ్మిన తండ్రినే అని ఎక్కడా లేదు. విగ్రహానికి మొక్కమంటే కుదరదని నెమ్మదిగా చెప్పొచ్చు, ఆయన కంచంలో అన్నం పెట్టడానికి ఏ వాక్యం అడ్డం వచ్చింది?

ఇక నీ సంగతి. మీ నాయనతో కూర్చుని పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ రోజులు అడుగు. రాత్రంతా పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, థర్మామీటరు చూసుకుంటూ, ఆకు రంగు చెడితే వేలంలో రేటు పడిపోతుందని ఒకటే టెన్షన్, ఆ డబ్బులతోనే నువ్వు ఇంజనీరింగ్ చదివింది. చెప్పిందే మళ్ళీ చెప్తాడు, ఫోను పక్కన పడేసి విను. ఆ దగ్గు మాత్రం నాకు నచ్చలేదు, ఈ వారమే ఒంగోలు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించు, నేను చెబితే వినడు, నువ్వు చెబితే వస్తాడు.

మీ పెదనాన్న