ఇంట్రోవర్ట్ అమ్మాయి డాక్టర్ కాకూడదా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. డాక్టర్ కావాలని చిన్నప్పటి నుంచీ ఆశ. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఎంబీటీఐ అనే వ్యక్తిత్వ పరీక్ష రాస్తే ఇంట్రోవర్ట్ (అంతర్ముఖి) అని వచ్చింది. నలుగురితో కలవదు కూడా. మెడిసిన్ మాన్పించాలా? బిగ్ ఫైవ్ అనే ఇంకో వ్యక్తిత్వ పరీక్ష కూడా రాయించమంటారా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. టెస్టు రాసేది పిల్లలు, టెన్షన్ పడేది పెద్దలు.

ముందు మీరడిగింది చెబుతాను. ఎంబీటీఐ మనిషిని 16 గడుల్లో ఒకదాంట్లో కూర్చోబెడుతుంది. కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే వేరే గడిలో పడేవాళ్లు చాలామందే. బిగ్ ఫైవ్ క్రమశిక్షణ, సర్దుకుపోయే గుణం లాంటి ఐదు లక్షణాలు ఎవరిలో ఎంత ఉన్నాయో కొలుస్తుంది. పరిశోధకులు దీన్నే ఎక్కువ నమ్ముతారు. అయినా ఫలానా చదువు మానెయ్యమని చెప్పే హక్కు రెండింటికీ లేదు.

వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుందామని చిన్నతనంలో ఇంట్లోంచి పారిపోయారు. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవలేదు. ఆ వయసులో బిగ్ ఫైవ్ పెట్టి ఉంటే క్రమశిక్షణ దగ్గర ఆయనకు ఎన్ని మార్కులు పడేవి? మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ బదులు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. ఆ ఖద్దరు వేసుకోవడాన్ని టెస్టు సర్దుకుపోయే గుణం తక్కువ అంటుంది. మనం పట్టుదల అంటాం.

ఆయన ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకే మందయింది. బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా అక్కడిదే. తోడబుట్టినవాళ్లను పోగొట్టుకున్న బాధ ఏ ప్రశ్నావళిలో కనిపిస్తుంది చెప్పండి? ప్రచారానికి దూరంగా ఉండే మనిషి కాబట్టి రావలసినంత పేరు రాలేదు, నిజమే. పని మాత్రం ఆగలేదు.

ఇక్కడే నాకు ఈ సిద్ధాంతాల మీద అనుమానం. జీవితం మొత్తం తెలిశాక వెనక్కి చూస్తే ఏ లక్షణమైనా చక్కగా అతుకుతుంది. ఇంకా బతకని జీవితానికి అతికించడం తప్పు. టీనేజీ అంటే 'నేనెవర్ని' అని వెతుక్కునే వయసని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్‌సన్ చెప్పాడు. ఆ వెతుకులాట మధ్యలో మీరు ముద్ర వేసేస్తున్నారు.

ఆమధ్య ఒకమ్మాయి తండ్రితో వచ్చింది. ఏది అడిగినా ఆయన ముఖంలోకి చూసేది, ఆయనే జవాబు చెప్పేవాడు. ఆయన్ని కాసేపు బయట కూర్చోమన్నాను. నానమ్మ కాలి పుండుకు తను రోజూ కట్టు ఎలా కట్టిందో, చీము ఎప్పుడు తగ్గిందో అరగంట చెప్పింది. ఆ పిల్లకు మాటలు రాక కాదండీ, మాట్లాడే చోటు దొరక్క.

మీ ఇంట్లోనూ అదే జరుగుతోందేమో చూసుకోండి, కోపం తెచ్చుకోకండి. రోగితో మాట్లాడటం వార్డుల్లో తిరుగుతూ నేర్చుకునే పని. నెమ్మదిగా వినే డాక్టరంటే రోగికి ప్రాణం. మనుషులతో ఎక్కువ పని వద్దనుకుంటే పాథాలజీ, రేడియాలజీ ఉన్నాయి, అది పీజీనాటి మాట. రెండో టెస్టు వద్దు. డాక్టర్ ఎందుకు అవ్వాలనుందో అమ్మాయిని అడగండి. మధ్యలో మాట్లాడకండి.