చేత్తో దిద్దింది చెరిగిపోతోందా?

ప్రశ్న: రొయ్యల చెరువుల మేత లెక్కలకు పైథాన్ ప్రోగ్రాం రాశాను. ఫీల్డుల జాబితా ఒక ఫైల్లో ఉంది. దాన్నుంచే కోడూ, రీడ్‌మీలో (ప్రోగ్రాం పరిచయం రాసే ఫైల్లో) పట్టికా కాగ్‌తో తయారవుతాయి. ఫైల్లో రాసిపెట్టిన పైథాన్ కోడును నడిపి, దాని ఫలితాన్ని అక్కడే చేర్చే సాధనమే కాగ్. పట్టికలో ‘బరువు’ను ‘సగటు బరువు’గా మార్చాను. కాగ్ మళ్లీ నడపగానే పోయింది. ఏం చేయాలండీ?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: ఆ మార్పు చేయాల్సింది పట్టికలో కాదండీ, జాబితాలో. కాగ్ తన ముగింపు గుర్తుకు పైనున్న పాత ఫలితాన్నంతా తీసేసి కొత్తది రాస్తుంది. మీ సొంత వివరణ ఆ గుర్తు కిందే ఉండాలి. ఫైలును మార్చే ‘ఆర్’ ఆప్షనుతో పాటు ‘సి’ కూడా ఇవ్వండి. ముగింపు గుర్తు పక్కన చెక్‌సమ్, అంటే ఫలితాన్ని బట్టి లెక్కగట్టిన గుర్తింపు కోడు, చేరుతుంది. ఆపైన ఫలితంలో ఎవరైనా చెయ్యిపెడితే, కాగ్ దాన్ని తుడిచేయకుండా దోషం చూపి ఆగుతుంది. ఇది తప్పనిసరిగా పెట్టుకోవాల్సిందే.

విమ్ ఎడిటర్లో తెరిచిన ఫైలంతా (బఫర్) కాగ్ గుండా ఫిల్టరుగా పంపితే, వచ్చిన ఫలితం నచ్చకపోయినా వెనక్కి తేవడానికి ‘యు’ ఒక్కసారి నొక్కితే చాలు. కాగ్ విఫలమైతే మాత్రం మీ ఫైలు బదులు దోష సందేశం కనిపిస్తుంది. అప్పుడు సేవ్ చేయకండి, ముందు ‘యు’ నొక్కండి. బయట టెర్మినల్లో నడిపేవాళ్లు ముందే సేవ్ చేసి, తర్వాత ఫైలును మళ్లీ తెరవాలి.

ఏమీ మార్చకపోయినా, ఫైళ్ల మార్పులను నమోదు చేసే గిట్ తేడాలు చూపుతోందా? ఫలితంలో తేదీ, సమయం ముద్రించకండి. పైథాన్ సెట్‌లో పదాల వరుస ప్రతిసారీ మారొచ్చు, వరుసలో పెట్టే సార్టెడ్ ఫంక్షను వాడండి.