ఏనుగు బొమ్మ చెప్పే యూరప్ కథ: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ రాతప్రతి అందింది. హైదరాబాద్‌లో విమానం ఎక్కిన దగ్గర్నుంచి వెనిస్‌లో పడవ దిగేదాకా ఆసాంతం చదివాను. ఒక కుటుంబం యూరప్ తిరిగి రావడాన్ని పాప చంకలో ఉన్న ఏనుగు బొమ్మ చేత చెప్పించాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. గున్న అన్న పేరూ బాగుంది. నచ్చింది కాబట్టే మొహమాటపడకుండా రాస్తున్నాను, నొచ్చుకోకు.

ముందు పెద్ద ఫిర్యాదు. నీ గున్నకు అన్నీ తెలుసు. ఐఫిల్ టవర్ 1889లో కట్టారని తెలుసు, దాని ఎత్తు 330 మీటర్లని తెలుసు, ఏ రైలెక్కితే ఏ ఊరొస్తుందో తెలుసు. ఇవన్నీ దానికెవరు చెప్పారు? పారిస్ అధ్యాయంలో 'గున్న' అని ఉన్న చోటల్లా 'నాన్న' అని పెట్టుకుని చదివాను. ఒక్క వాక్యానికీ ఏమీ కాలేదు. కొన్నిచోట్ల అలాగే బాగుంది కూడా. అంటే అక్కడ మాట్లాడుతున్నది నాన్నే, కాకపోతే తొండం పెట్టుకున్నాడు. నువ్వూ అలా చదివి చూడు. ఏ పేజీలు తీసెయ్యాలో నేను చెప్పనక్కర్లేదు.

బొమ్మ నడవదు. మెడ తిప్పలేదు, ఎటు తిప్పి పెడితే అటే చూస్తుంది. దానికి ఆకలి లేదు, చలి లేదు, కాళ్లు పీకడం లేదు. జిప్పు వేస్తే చీకటే. టికెట్టు ఎంతయిందో ఎవరైనా పైకి అంటే తెలుస్తుంది, లేకపోతే లేదు. చదవడం వచ్చా అంటావా, అది నువ్వే తేల్చుకో. నన్నడిగితే రాకపోవడమే మంచిది. పాపకు ఆరేళ్లని రాశావు కదా, పాప కూడబలుక్కుని చదివిందే గున్నకు అందాలి. తప్పు చదివితే తప్పే అందాలి. ఇవన్నీ పాటిస్తే ఇంకేం రాస్తానని భయపడుతున్నావేమో. ఒక్క పారిస్ లూవ్ర్ మ్యూజియం సంగతే చూద్దాం, అది చాలు.

నువ్వు మోనాలీసా గురించి పేజీన్నర రాశావు. చిరునవ్వు, చేతులు, వెనకాల కొండలు, అన్నీ. ఆ చిత్రం 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు. అద్దం వెనక ఉంటుంది, ముందు జనం. ఆరేళ్ల పిల్లకు అక్కడ కనిపించేవి పెద్దవాళ్ల నడుములు, బెల్టులు, భుజాన వేలాడే బ్యాగులు. గోల చేస్తే నాన్న ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుంటాడు. అప్పుడు పాపకు మోనాలీసా కనిపిస్తుంది, చాలామటుకు పైకెత్తిన ఫోన్లలో. మరి గున్న? పాప ఒక చేత్తో నాన్న జుట్టు పట్టుకుంది, ఇంకో చేత్తో గున్న వెనక కాలు పట్టుకుంది. గున్న నాన్న వీపు మీద తలకిందులుగా వేలాడుతోంది. దాని మొహం అటు తిరిగి ఉంది, అంటే మోనాలీసాకు సరిగ్గా ఎదురు గోడకేసి.

ఆ ఎదురు గోడ మీద ఏముందో నీకు గుర్తుందా? నీ రాతప్రతిలో ఆ గోడే లేదు. ఇటలీ చిత్రకారుడు వెరొనేజె 1563లో పూర్తి చేసిన, బైబిల్లోని కానా పెళ్లివిందు చిత్రం అక్కడుంటుంది. లూవ్ర్‌లో ఉన్న చిత్రాల్లో అన్నిటికంటే పెద్దది, పది మీటర్లకు కొంచెం తక్కువ వెడల్పు. పొడుగాటి బల్లల ముందు వందమందికి పైగా జనం, మధ్యలో వాయిద్యాలు వాయించేవాళ్లు, వాళ్ల దగ్గరే కుక్కలు, ఒక మూల కూజాతో ఆడుకుంటున్న పిల్లి. గదిలో ఉన్నవాళ్లలో చాలామంది దానికి వీపు చూపించి నిలబడి ఉంటారు. ఆ ఇంటిల్లిపాదిలో దాన్ని చూసింది గున్న ఒక్కటే, అదీ తలకిందులుగా. దానికి ఏసుక్రీస్తు తెలియదు, నీళ్లు ద్రాక్షసారా అయిన కథ తెలియదు. పెళ్లని మాత్రం తెలుస్తుంది. మనింటి పెళ్లిళ్లలో పాప చంకలో వెళ్లి పంక్తి భోజనాలు చూసే ఉంటుంది కదా. 'ఇంతమంది తింటుంటే ఒక్కళ్లు కూడా వడ్డించమని అడగట్లేదు' అని అనుకోనీ. సాయంత్రం హోటల్లో అందరూ మోనాలీసా గురించి చెప్పుకుంటుంటే గున్న పెళ్లి గురించి చెప్పలేక ఉండిపోనీ.

ఇక్కడితో అయిపోలేదు. ఆ చిత్రం పుట్టింది వెనిస్‌లో. సాన్ జోర్జో మజ్జోరె అనే దీవిలోని మఠం భోజనశాల కోసం వేయించారు. 1797లో నెపోలియన్ సైన్యం దాన్ని ముక్కలుగా కోసి పారిస్‌కు పట్టుకుపోయింది. 2007లో అచ్చం అలాగే ఉండే నకలు చేసి ఆ భోజనశాల గోడకే పెట్టారు. నీ కుటుంబం తర్వాత వెనిస్‌కు కూడా వెళ్తుంది కదా! సాన్ మార్కో చౌకు దగ్గర నీళ్ల ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించేదే ఆ దీవి. పడవ మీద కొద్ది నిమిషాల దారే. అమ్మ ఎందుకో అక్కడికి వెళ్దామంటుంది, ఎండ తట్టుకోలేక అనుకో. గున్న ఈసారి తిన్నగా నిలబడి అదే పెళ్లిని చూస్తుంది. ఇంతమందీ పారిస్ నుంచి వీళ్లకంటే ముందు ఎలా వచ్చారో దానికి అంతుపట్టదు. నెపోలియన్ పేరు నువ్వు ఎత్తనక్కర్లేదు. గైడు ఎవరితోనో అంటుంటే సగం వినపడితే చాలు. నీ పుస్తకంలో పారిస్‌నూ వెనిస్‌నూ కలిపే దారం ఇప్పుడు లేదు, విమానం టికెట్లు తప్ప. ఇది గున్నకు మాత్రమే దొరికే దారం.

వెనిస్ అన్నాను కాబట్టి ఇంకో మాట. అక్కడ కాలవల మీద వంతెనలన్నీ దాదాపు మెట్లవే. చక్రాల సూట్‌కేసులు అక్కడ పనికిరావు. నాన్న పెట్టెలు మోస్తూ ఆయాసపడుతుంటే గున్నను పెట్టె హ్యాండిల్‌కు కట్టారని రాశావు, చాలా బాగుంది. కానీ కట్టిన వెంటనే నువ్వు గొండోలా పడవల అందాల్లోకి వెళ్లిపోయావు. పెట్టె ఎత్తులో ఉన్న బొమ్మకు కనిపించేది మెట్ల రాళ్లు, పావురాలు, నాన్న చెప్పులు. అక్కడే ఉండు కాసేపు.

విమానాశ్రయం సంగతి. సెక్యూరిటీ దగ్గర ఆవకాయ సీసా పట్టుకున్న సీను నవ్వించింది. వంద మిల్లీలీటర్లు దాటిన నూనె సరుకు చేతి సంచిలో పోనివ్వరు, అమ్మ వాదిస్తుంది, నాన్న తలపట్టుకుంటాడు. సరే. కానీ అదే సమయంలో గున్న ఎక్కడుంది? ట్రేలో ఉంది. పాప చేతిలోంచి బలవంతంగా తీసి బెల్టు మీద పెట్టారు. రబ్బరు పీలికలు మొహానికి తగిలాయి, లోపల చీకటి, యంత్రం మోత. అవతల బయటికొచ్చేసరికి ఎవరూ తెలిసినవాళ్లు లేరు. అందరూ ఇంకా ఇవతలే ఉన్నారు, ఆవకాయ పంచాయితీలో. పక్క ట్రేలో ఎవరివో బూట్లు. ఎవరో ఒకాయన దాన్ని పక్కకు తోసి తన ల్యాప్‌టాప్ తీసుకున్నాడు. ఇల్లు వదిలాక గున్న మొదటిసారి ఒంటరిగా ఉన్నది ఇక్కడే. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. జర్మనీలోని కొలోన్ అధ్యాయం నిలబడాలంటే ఇక్కడ కనీసం ఒక పేజీ ఉండాలి.

ఎందుకంటే కొలోన్‌లో నువ్వు గున్నను రైల్లో మర్చిపోయేలా చేశావు. ఇలాంటి కథ రాసేవాళ్లెవరికైనా వచ్చే ఆలోచనే, తప్పేం లేదు. చిక్కు ఎక్కడుందంటే, తప్పిపోయింది కథ చెబుతున్న మనిషే. బొమ్మ రైల్లో ఉండిపోతే కథ కూడా రైల్లోనే ఉండిపోవాలి. నువ్వేమో స్టేషన్లో పాప ఏడుపు, అమ్మా నాన్నల గొడవ, గుడి గోపురాల కింద వెతుకులాట అంతా రాశావు. గున్న ఎక్కడ నుంచి చూసింది అదంతా? తర్వాత ఒక మంచి స్టేషన్ మాస్టరు నవ్వుతూ బొమ్మ తెచ్చి ఇచ్చాడు. ఆ మాస్టరును తీసెయ్యి.

జర్మనీ రైళ్లలో పోయిన సామాను సంగతి కొంచెం తెలుసుకుంటే కథ అదే నడుస్తుంది. దొరికిన వస్తువు స్టేషన్లో అప్పగిస్తారు, ఎవరూ రాకపోతే చివరికి వుప్పర్‌టాల్ ఊళ్లో రైల్వేవాళ్ల కేంద్ర కార్యాలయానికి చేరుతుంది. పోగొట్టుకున్నవాళ్లు వస్తువు ఆనవాళ్లతో ఫారం నింపాలి. ఇక్కడుంది అసలు సీను. ఏనుగు బొమ్మ, బూడిద రంగు, సరే, ఇంకేమిటి గుర్తు? చెవి చిరిగింది ఎడమదా, కుడిదా? ఇన్నేళ్లుగా ఇంట్లో ఉన్న బొమ్మ, అమ్మకూ తెలియదు, నాన్నకూ తెలియదు. పాప టక్కున చెబుతుంది. ఇది గున్న లేనప్పుడు జరిగింది కాబట్టి, తిరిగి దొరికాక ఆ రాత్రి పాప దుప్పటి కింద గున్న చెవిలో చెప్పాలి. ఆరేళ్ల పిల్ల చెప్పే వరసలో, అమ్మానాన్నల తిట్లతో సహా. ఆ మధ్యకాలమంతా గున్న ఒక అలమారలో గొడుగులూ హెడ్‌ఫోన్లూ పక్కన పెట్టుకుని ఉంటుంది. వాటికి తెలుగు రాదు.

భాష మాట వచ్చింది కాబట్టి. గున్న ఇప్పుడు పేపర్లో సంపాదకీయం లాగా మాట్లాడుతోంది. దానికి మాటలు ఎక్కడ్నుంచి వచ్చాయి? ఆ ఇంట్లోంచే. నాన్నది వరంగల్, అమ్మది తెనాలి అన్నావు. అయితే గున్న తెలుగులో రెండూ కలిసి ఉండాలి, పాప స్కూలు ఇంగ్లీషు పైన చల్లినట్టుండాలి. యాస కోసం ప్రతి వాక్యాన్నీ వంకర తిప్పకు, అక్కడక్కడ తగిలితే చాలు.

రెండు మూడు చోట్ల విషయం తప్పింది. పారిస్ నుంచి రైల్లో లండన్ వెళ్లి, దిగాక పాస్‌పోర్టులు చూపించారని రాశావు. అలా కాదు, బ్రిటన్‌వాళ్ల తనిఖీ కూడా పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్లోనే రైలెక్కకముందే అయిపోతుంది. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా బ్రిటన్‌కు చెల్లదు, వేరే వీసా కావాలి. నాన్న ఆ కాగితాల టెన్షన్ ఎక్కడా పడకపోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది గానీ అక్కడి డబ్బు ఫ్రాంకులు. యూరోలు తీసుకునే కొట్లలో కూడా చిల్లర మామూలుగా ఫ్రాంకుల్లోనే ఇస్తారు. ప్రతిదాన్నీ వందతో గుణించి 'కాఫీ నాలుగొందలా!' అనే నాన్నకు అక్కడ లెక్క తప్పాలి. అక్కడి యుంగ్‌ఫ్రౌయోహ్ అనే కొండ కనుమ మీద, 3,454 మీటర్ల ఎత్తున, చిప్స్ ప్యాకెట్ ఉబ్బిపోయిందని రాశావు, అది నిజమే, బాగా పట్టావు. పక్కనే గున్నను పెట్టు. అందరికీ తలనొప్పి, ప్యాకెట్‌కు ఉబ్బరం, గున్న మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంది. దాని గర్వం చూడాలి అప్పుడు.

జూన్ నెలలో పారిస్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుందన్నది నువ్వు వాతావరణ సమాచారంలా రాసి వదిలేశావు. పాప తొమ్మిదికే పడుకుంటుంది, బయట ఇంకా ఎండ. అమ్మానాన్నలు కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. బొమ్మ నిద్రపోదు. పిల్లల ముందు అనని మాటలు బొమ్మ ముందు అంటారు. ఈ ప్రయాణానికి ఎంత అప్పు చేశారో, ఊళ్లో తాతయ్య ఆపరేషన్ ఎందుకు వాయిదా వేశారో గున్నకు తెలియొచ్చు. గున్నకు సగమే అర్థం కావాలి, పాఠకుడికి మొత్తం అర్థం కావాలి. దీన్ని ప్రతి ఊళ్లోనూ వాడకు. ఒక్క రాత్రి చాలు.

ఇంకో సంగతి, నీకు ఉపయోగపడుతుందో లేదో నువ్వే చూసుకో. దక్షిణ జర్మనీలో గీంగెన్ అని చిన్న ఊరుంది. అక్కడ మార్గరెటె స్టైఫ్ అనే ఆవిడ ఉండేది. ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చి చక్రాల కుర్చీకే పరిమితమైంది, బట్టలు కుట్టి బతికేది. 1880 ప్రాంతంలో గుండుసూదులు గుచ్చుకోవడానికని ఉన్నిగుడ్డతో చిన్న ఏనుగును కుట్టింది. పిల్లలు దాన్ని ఆటకు లాక్కుపోయారు. అలా మొదలైన వ్యాపారం పెద్ద బొమ్మల కంపెనీ అయింది. వాళ్ల ఎలుగుబంటి వచ్చింది 1902లో, బొమ్మ చెవికి బొత్తాం బిగించడం మొదలుపెట్టింది 1904లో. ఇప్పుడక్కడ మ్యూజియం కూడా ఉంది. నీ గున్న తోక కింద చీటీ మీద చైనా అని ఉందని నువ్వే రాశావు. ఆ మ్యూజియంలో పాప ఏనుగు బొమ్మల ముందు నిలబడి 'మీ చుట్టాలు' అని చూపిస్తే గున్న ఏమనుకుంటుందో నాకు వినాలని ఉంది. కాకపోతే అక్కడ చరిత్ర మొత్తం గున్న నోట చెప్పించావో, ఈ ఉత్తరం మళ్లీ మొదట్నుంచి చదవాల్సి వస్తుంది.

రోమ్ అధ్యాయం మొదలుపెట్టానని రాశావు. దాన్ని ఆపు. ముందు లూవ్ర్ తిరగరాసి పంపు, ఆ తర్వాత ట్రే, తర్వాత కొలోన్. ఫొటోలు జత చెయ్యకు, నాకు అవి అక్కర్లేదు. ఇంకొకటి, ఈ ప్రయాణమంతటిలో గున్నను ఒక్కసారి కూడా ఉతకలేదా? జామ్ మరక పారిస్‌లో పడింది, వెనిస్‌లో లేదు. ఎక్కడ ఉతికారో, ఎవరు ఉతికారో రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు