టమాటా గుజ్జుని సీసాల్లో పెట్టి ఏడాది నిల్వ చేయొచ్చా? మొదటిసారి చేస్తున్నాను

చేయొచ్చు. కాకపోతే వేడి గుజ్జు పోసి మూత బిగించి సీసా బోర్లిస్తే సరిపోతుందని చాలామంది చెప్తారే, అది మాత్రం నమ్మకండి.

అసలు భయం బూజు కాదు, బోటులిజం, అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు. ఆ బ్యాక్టీరియా బీజాలు 100 డిగ్రీల మరుగుకీ చావవు, గాలి చొరని సీసాలో మొలకెత్తి విషం తయారు చేస్తాయి, అది ఉన్నట్టు వాసన కూడా రాకపోవచ్చు. పులుపు బాగా ఉంటే, అంటే పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 లోపు ఉంటే, అవి పెరగలేవు. టమాటా సరిగ్గా ఆ గీత మీద ఉంటుంది, కొన్ని రకాలు దాటేస్తాయి కూడా. అందుకే అర లీటరు సీసాకి పావు టీస్పూను నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) తప్పనిసరి.

క్యానింగ్ (ఇలా సీసాల్లో మూసి వేడిచేసి నిల్వ చేయడం) కోసమే చేసిన సీసాలు, కొత్త మూతలు తీసుకోండి (పాత జామ్ సీసాలు వద్దు). పైన అర అంగుళం ఖాళీ వదిలి, సీసాలు పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి, మరగడం మొదలయ్యాక విజయవాడలో అయితే 35 నిమిషాలు, హైదరాబాద్‌లో 40 ఉంచండి, ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి కదా. ఉల్లి, వెల్లుల్లి, తాలింపు ఈ గుజ్జులో వేయొద్దు, తర్వాత కూర వండేటప్పుడు వేసుకోవచ్చు. పప్పు, చికెన్ కూరలాంటివాటికి 116 డిగ్రీలకి చేరే ప్రెజర్ క్యానర్ కావాలి, మన కుక్కర్ దానికి బదులు కాదు.

మూత ఉబ్బితే రుచి చూడకుండా పారేయండి.