ట్యూబు దగ్గరే తప్పే లెక్క

ప్రశ్న: మా తమ్ముడు ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేస్తాడు. రక్తంలో మాంగనీస్ పరీక్ష నెల తేడాలో రెండు చోట్ల చేయించాం. ఒకచోట లీటరుకు 11 మైక్రోగ్రాములు, ఇంకోచోట 34 వచ్చింది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, గరివిడి

జవాబు: ముందు రెండు రిపోర్టుల్లోనూ ‘హోల్ బ్లడ్’ (కణాలతో సహా మొత్తం రక్తం) అనే ఉందా, ఒకదాంట్లో ‘సీరం’ (గడ్డకట్టిన రక్తంలోంచి కణాలు తీసేయగా మిగిలే ద్రవం) అని ఉందా చూడండి. మాంగనీస్ ఎక్కువగా ఎర్రకణాల్లోనే ఉంటుంది. హోల్ బ్లడ్‌లో మామూలుగా లీటరుకు 4 నుంచి 15 మైక్రోగ్రాముల దాకా కనిపిస్తే, సీరంలో సుమారు అందులో పదో వంతే ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

రెండూ హోల్ బ్లడ్డే అయితే అనుమానించాల్సింది సూదిని. స్టీలు సూదిలో క్రోమియం, నికెల్‌తో పాటు మాంగనీసూ ఉంటుంది. (మీ ఊరి ఫర్నేసుల ఫెర్రోమాంగనీస్ చేరేది ఉక్కులోకేగా!) రక్తం మొదట సూదిలోంచి వచ్చేటప్పుడు దాన్ని కాస్త కడుక్కుంటూ వస్తుంది. అందుకే ప్లాస్టిక్ కాన్యులా పెట్టి, మొదటి 5 మిల్లీలీటర్లు వేరే సిరంజిలోకి లాగి పక్కన పెట్టి, ఆ తర్వాతి రక్తాన్నే ముదురు నీలం మూత ఉన్న ట్రేస్ ఎలిమెంట్ ట్యూబులోకి (లోహాల పరీక్షల కోసమే చేసిన శుభ్రమైన ట్యూబు) తీసుకోవాలి. షుగరుకో, థైరాయిడ్‌కో వాడే మామూలు ట్యూబు దీనికి పనికిరాదు.

డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకి వెళ్లినా లెక్క పాడవుతుంది. చర్మం మీద, చొక్కా చేతుల మీద ఉన్న ఫర్నేసు దుమ్ము చాలు. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, మోచేతి మడత సబ్బుతో కడిగించుకుని కూర్చోమనండి. స్పిరిట్ రాసిన చోట పూర్తిగా ఆరాకే గుచ్చాలి.

34 అబద్ధమని ఇక్కడ కూర్చుని తేల్చలేం. ఐరన్ తక్కువున్నవాళ్లలో పేగులు మాంగనీస్‌ని ఎక్కువ లాక్కుంటాయి, గర్భిణుల్లోనూ సహజంగానే పెరుగుతుంది. కాబట్టి పై పద్ధతిలో మళ్లీ తీయించి, దాంతోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే పరీక్ష) కూడా చేయించండి. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: ఈ పరీక్ష ఇటీవలి మోతాదునే చెబుతుంది, ఏళ్ల తరబడి పీల్చిన పొగ లెక్క చెప్పదు. నడక తడబడటం, చేతిరాత మారిపోవడం, ముఖంలో కదలిక తగ్గడం కనబడితే రక్తంలో అంకె ఎంతున్నా న్యూరాలజిస్టుకి చూపించాల్సిందే.

ప్రశ్న: పిల్లల లెడ్ (సీసం) పరీక్ష రక్తం శాంపిళ్లు బయటి ల్యాబుకి పంపుతుంటాం. చిన్న గడ్డ ఉందని రెండు తిప్పి పంపారు. గడ్డ తీసేసి మిగతా రక్తంతో చేయొచ్చు కదా?
– ఒక ల్యాబ్ టెక్నీషియన్, టెక్కలి

జవాబు: చేస్తే అంకె తగ్గి వస్తుంది. రక్తంలోని సీసం దాదాపు అంతా ఎర్రకణాల్లోనే ఉంటుంది, గడ్డలో చిక్కుకున్నవీ ఆ కణాలే. ట్యూబు తిప్పి పంపినవాళ్లే పని తెలిసినవాళ్లు. ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చూసే రసాయనం) ట్యూబు నిండాల్సిన గీత వరకు నింపి, సూది తీసిన వెంటనే నెమ్మదిగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయండి. ఊపొద్దు. పిల్లాణ్ని సముదాయిస్తూ ట్యూబుని ట్రేలో పడేసి, రెండు నిమిషాలయ్యాక తిప్పితే అప్పటికే ఆలస్యం.

ఇలాంటి తప్పే ల్యాబులోనూ జరుగుతుంది. ఫ్రిజ్‌లో నిలబెట్టిన ట్యూబులో కణాలు అడుక్కి దిగిపోయి పైన పసుపు ప్లాస్మా తేలుతుంది. కలపకుండా పైనుంచి పిపెట్ చేశారో, సీసం ఉన్న పిల్లాడికీ ‘నార్మల్’ వస్తుంది. గది వేడికి వచ్చాక రోలర్ మీద తిప్పి, అడుగున ఎర్ర పొర మిగల్లేదని చూశాకే తీయాలి.

ఐసీపీ-ఎంఎస్‌కి (లోహాల్ని కొలిచే యంత్రం) 50 రెట్లు పలుచన చేయాలనుకుంటే 100 మైక్రోలీటర్ల రక్తానికి 4.9 మిల్లీలీటర్ల ద్రావణం. రక్తం చిక్కన కాబట్టి పిపెట్ టిప్ బయటివైపు తుడిచి, నిదానంగా వదలాలి. ద్రావణంగా నైట్రిక్ ఆసిడ్ ఒక్కటే పోస్తే ప్రొటీన్లు విరిగిపోయి యంత్రంలో ద్రవాన్ని తుంపరగా మార్చే నెబ్యులైజర్ మూసుకుపోతుంది. అమ్మోనియా, ఈడీటీఏ, ట్రైటన్ ఎక్స్-100 (సబ్బులాంటి రసాయనం) కలిపిన క్షార ద్రావణం మంచిది. సీసానికి 206, 207, 208 ఐసోటోపులు (ఒకే లోహంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) మూడూ కూడాలి. ఏ గని సీసమన్నదాన్నిబట్టి వాటి పాళ్లు మారతాయి కాబట్టి 208 ఒక్కటే లెక్కేస్తే తేడా వస్తుంది.

డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పిల్లలకు 2021లో పెట్టిన హద్దు) ఉన్న రక్తం 50 రెట్లు పలుచనైతే లీటరుకు 0.7 మైక్రోగ్రాములే. కడగని సీసా చాలు దాన్ని ముంచడానికి. పాత్రల్ని 10 శాతం నైట్రిక్ ఆసిడ్‌లో రాత్రంతా నానబెట్టడం అందుకే. వేలు గుచ్చి తీసిన చుక్కలో ఎక్కువొస్తే, నరం నుంచి తీసి రూఢి చేసుకోకుండా తల్లిదండ్రుల్ని భయపెట్టకండి.

ప్రశ్న: ఇత్తడి పనిచేస్తాం. నా జింక్ ఎక్కువని వచ్చింది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు, బుడితి

జవాబు: చాలావరకు ట్యూబు రబ్బరు మూత చేసే మాయ ఇది. రబ్బరు తయారీలో జింక్ వాడతారు. రక్తం హిమోలైజ్ అయి (ఎర్రకణాలు పగిలి) సీరం ఎర్రబడినా జింక్ పెరిగినట్టు కనబడుతుంది. ఉదయం పరగడుపున, ట్రేస్ ఎలిమెంట్ సీరం ట్యూబులో, పౌడర్ లేని గ్లవ్స్‌తో మళ్లీ తీయించుకోండి.

ప్రశ్న: మాది ఉద్దానం. కిడ్నీ భయంతో ‘హెవీ మెటల్స్ ప్యానెల్’ చేయించుకోమంటున్నారు. అవసరమా?
– ఒక పాఠకుడు, కవిటి

జవాబు: ఆ డబ్బు ముందు క్రియాటినిన్‌కి, మూత్రంలో ఆల్బుమిన్‌కి పెట్టండి, కిడ్నీ పనితీరు చెప్పేవి ఆ పరీక్షలే. ఉద్దానం జబ్బుకి (మీ ప్రాంతంలో ఎక్కువగా కనబడే కిడ్నీ జబ్బు) ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు, ప్యానెల్‌లో ఒక లోహం కాస్త ఎక్కువున్నంత మాత్రాన మీ విషయంలోనూ తేలదు. పైగా ఆర్సెనిక్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు, దానికి మూత్రమే చూడాలి. అదీ నాలుగైదు రోజులు చేపలు, రొయ్యలు మానేశాకే. వాటిలోని హాని చేయని ఆర్సెనిక్ కూడా మొత్తంలో కలిసిపోయి అంకెను పెంచేస్తుంది. సముద్రం పక్కనున్న ఊళ్లలో ఈ ఒక్క మాట చెప్పకుండానే శాంపిల్ తీసుకునేవాళ్లున్నారు. ముందు ఏదో మందు ఎక్కించి, తర్వాత మూత్రం పట్టి లోహాలు చూస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ మందు ఎవరి ఒంట్లోంచైనా లోహాన్ని లాగుతుంది, ఆ అంకెను పోల్చి చూసే మామూలు హద్దంటూ లేదు.